బంతి ముందు, మనిషి తర్వాత

2019 సెప్టెంబరు 7, శనివారం రాత్రి. టెక్సాస్ రాష్ట్రంలోని ఆస్టిన్ నగరం. ఆట ముగియడానికి రెండున్నర నిమిషాలుంది. లూసియానా స్టేట్ యూనివర్సిటీ 37-31తో ముందుంది, బంతి కూడా వాళ్ల దగ్గరే ఉంది. కానీ ఈ ఒక్క ప్రయత్నంలో పదిహేడు గజాలు ముందుకెళ్లకపోతే బంతిని టెక్సాస్ వాళ్లవైపు తన్నేయాల్సిందే. సొంత గడ్డ మీద, సొంత జనం కేకల మధ్య, టెక్సాస్ చేతికి బంతి వస్తే ఆ ఆరు పాయింట్లు ఎంతసేపు నిలుస్తాయి?

ఇలాంటప్పుడు జాగ్రత్తపరులైన కోచ్‌లు చేసేది ఒకటే. బంతిని ఓ బలశాలి చంకలో పెట్టి నాలుగు గజాలు పరుగెత్తిస్తారు, గడియారం తిరగనిస్తారు, ఆ తర్వాత దూరంగా తన్నించి దేవుడి మీద భారం వేస్తారు. అంతకుముందు సంవత్సరం దాకా ఎల్ఎస్‌యూ (ఆ యూనివర్సిటీని అందరూ అలాగే పిలుస్తారు) చేసిందీ ఇంచుమించు అదే. ఆ రాత్రి మాత్రం వాళ్ల క్వార్టర్‌బ్యాక్ జో బరో బంతి అందుకుని, మీదికి దూసుకొస్తున్న వాళ్లను చూసి బెదరకుండా, ఓ అడుగు పక్కకూ ఓ అడుగు ముందుకూ జరిగి, కాళ్లు కుదురుకోకుండానే మైదానం మధ్యలోకి విసిరాడు. జస్టిన్ జెఫర్సన్ దాన్ని పట్టుకున్నాడు, తిరిగాడు, పరుగెత్తాడు. 61 గజాలు. టచ్‌డౌన్. చివరికి 45-38తో గెలిచారు.

ఆ ఏడాది ఎల్ఎస్‌యూ ఆడిన పదిహేను మ్యాచ్‌లూ గెలిచింది, జాతీయ ఛాంపియన్ అయింది. ఆ కథ చాలామంది చెప్పారు. నాకు కథ కన్నా పనితనం మీద మక్కువ. ఆ 61 గజాల వెనుక ఏముంది, దాన్ని ఎవరు ఎలా పేర్చారు అన్నది చెబుదామని కూర్చున్నాను.

ముందు ఆట గురించి రెండు ముక్కలు. అమెరికన్ ఫుట్‌బాల్ చూడని పాఠకుడు దాన్ని గుద్దులాట అనుకుంటాడు. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. వంద గజాల మైదానం, అటు పదకొండుమంది, ఇటు పదకొండుమంది. బంతి ఉన్నవాళ్లకు నాలుగు ప్రయత్నాలు ఇస్తారు; ఆలోగా పది గజాలు ముందుకెళ్తే మళ్లీ నాలుగు. ఆఖరి గీత దాటితే టచ్‌డౌన్, అంటే ఆరు పాయింట్లు, పైన ఒక తన్నుకు ఇంకొకటి. ప్రతి ప్రయత్నం అయిదారు సెకన్ల వ్యవహారం. మళ్లీ ఆగడం, మళ్లీ మోహరించడం. కబడ్డీ కూత లాగా ప్రతిదీ ఓ విడి యుద్ధం, కానీ ముందే గీసుకున్న పటం ప్రకారం నడిచే యుద్ధం. ఆ పటం నడిపించేవాడే క్వార్టర్‌బ్యాక్. బంతి మొదట అతని చేతికొస్తుంది. పరుగువాడికి అందించాలా, దూరంగా విసరాలా, తనే పరుగెత్తాలా అన్నది అతని కంటి మీదా చేతి మీదా ఆధారపడుతుంది.

అమెరికాలో ఈ ఆటకు కాలేజీ స్థాయిలో ఉన్న మోజు మనకు అంత తొందరగా బోధపడదు. పెద్ద చదువులకు అక్కడికి వెళ్లిన మన పిల్లలకు మొదటి సెమిస్టర్‌లోనే తెలిసొస్తుంది: శనివారం క్యాంపస్ చుట్టుపక్కల కారు ఆపుకోవడానికి చోటు దొరకదు. బాటన్ రూజ్‌లో ఎల్ఎస్‌యూ వాళ్ల టైగర్ స్టేడియంలో 1,02,321 మంది పడతారు. స్టేడియానికి ఎదురుగా, క్యాంపస్‌లోనే, సొంత ఆవరణలో ఓ నిజమైన పులి ఉంటుంది. దాని పేరు మైక్. ఇప్పుడున్నది ఆ పేరు పెట్టుకున్న ఏడోది.

ఇంత హంగున్న జట్టు ఆట తీరు మాత్రం చాలా ఏళ్లు మొరటుగానే సాగింది. గట్టిగా అడ్డుకోవడం, గట్టిగా తోసుకుపోవడం. 2011 నవంబరులో అలబామాను 9-6తో ఓడించారు; రెండు వైపులా ఒక్క టచ్‌డౌన్ లేదు, అన్నీ తన్ని తెచ్చుకున్న పాయింట్లే. రెండు నెలలు తిరిగేసరికి న్యూ ఆర్లీన్స్ సూపర్‌డోమ్‌లో, జాతీయ ఛాంపియన్‌షిప్ మ్యాచ్‌లో అదే అలబామా 21-0తో బదులు తీర్చుకుంది. ఆ మ్యాచ్ మొత్తం మీద ఎల్ఎస్‌యూ సంపాదించింది 92 గజాలు. ఆ రోజు మొదలు 2018 దాకా అలబామా చేతిలో వరసగా ఎనిమిది ఓటములు. 2018లో సొంత స్టేడియంలో 29-0. పులి ఎదురుగానే.

ఆ 29-0 నాటి కోచ్ ఎడ్ ఓర్జరాన్. లూసియానా దక్షిణాన, బయూ లఫోర్ష్ అనే నీటిపాయ ఒడ్డున లరోజ్ అనే ఊరివాడు. గొంతు వింటే కంకర మిల్లు తిరుగుతున్నట్టు ఉంటుంది. మిసిసిపీలో హెడ్ కోచ్‌గా పెట్టి తీసేశారు. సదరన్ కాలిఫోర్నియాలో తాత్కాలికంగా నడిపించి, పక్కా ఉద్యోగం వేరేవాళ్లకిచ్చారు. సొంత రాష్ట్రంలో దొరికింది ఈ కుర్చీ. అతను పుట్టుకతో డిఫెన్స్ మనిషి, లైన్ దగ్గర కుమ్ములాట నేర్పేవాడు. అలాంటివాడు తనకు చేతకాని పని తనకు చేతకాదని ఒప్పుకుని, చేతనైనవాణ్ణి వెతికి తెచ్చుకున్నాడు. ఆ సీజన్‌లో మొట్టమొదటి పనితనం అదేనని నా లెక్క.

ఆ తెచ్చుకున్న మనిషి జో బ్రేడీ. అప్పటికి వయసు 29. న్యూ ఆర్లీన్స్ సెయింట్స్ అనే ప్రొఫెషనల్ జట్టులో చిన్న సహాయకుడు. డ్రూ బ్రీస్ లాంటి క్వార్టర్‌బ్యాక్ బంతిని ఎంత తొందరగా, ఎంత కచ్చితంగా వదిలేస్తాడో రెండేళ్లు దగ్గరుండి చూసినవాడు. దాడి మొత్తానికి బాధ్యుడు స్టీవ్ ఎన్స్‌మింగర్. ఒకప్పుడు ఇదే ఎల్ఎస్‌యూకి క్వార్టర్‌బ్యాక్‌గా ఆడినవాడు, అరవై ఏళ్లు దాటినవాడు. కొత్త కుర్రాడు వచ్చి తన వంటింట్లో గరిటె పట్టుకుంటే ఊరుకునే పెద్దలు తక్కువ. ఈయన ఊరుకున్నాడు. మ్యాచ్‌లో ఏ ఎత్తు వేయాలో చెప్పేది ఎన్స్‌మింగరే. పాసింగ్ పటాలు చాలావరకు బ్రేడీవి. ఆ ఏడాది దేశంలోనే ఉత్తమ సహాయ కోచ్‌కిచ్చే బ్రోయిల్స్ అవార్డు బ్రేడీకి వచ్చింది. పేరు కుర్రాడికి పోయిందని పెద్దాయన అలిగిన దాఖలా ఎక్కడా కనబడదు.

ఇక పటం సంగతి. పాత ఎల్ఎస్‌యూ మోహరింపులో మనుషులంతా బంతి చుట్టూ గుంపుగా ఉండేవాళ్లు. గుంపుగా ఉంటే ఎదుటివాళ్లూ గుంపుగా నిలబడతారు, కుమ్ములాటే మిగులుతుంది. కొత్త పటంలో అయిదుగురిని మైదానం వెడల్పంతా పరిచారు. చాలాసార్లు క్వార్టర్‌బ్యాక్ పక్కన ఉండే పరుగువాణ్ణి కూడా పక్కకు పంపేశారు. అప్పుడు బరో వెనుక ఖాళీ. అతన్ని కాపాడటానికి ముందున్న అయిదుగురు లైన్‌మెన్ తప్ప ఎవరూ లేరు. ఎదుటివాళ్లు ఆరుగురిని పంపితే ఆరోవాడు సూటిగా వచ్చి మీద పడతాడు. చూడటానికి ఇది ఇంటి తలుపులు బార్లా తెరిచి పడుకున్నట్టు ఉంటుంది.

అందులోనే కిటుకు ఉంది. పరుగువాడు గీత అంచుకు వెళ్లి నిలబడితే, అతన్ని కాపలా కాయాల్సినవాడు కూడా అక్కడికి వెళ్లక తప్పదు. వెళ్లాడంటే ఎవరు ఎవరిని కాస్తున్నారో బంతి కదలకముందే బయటపడిపోతుంది. వెళ్లకపోతే అక్కడ ఓ మనిషి ఊరికే దొరుకుతాడు. అంటే దాచుకోవాల్సినవాళ్లు డిఫెన్స్ వాళ్లు. వాళ్ల చేత ముందే పేకలు బల్ల మీద పరిపించే పద్ధతి ఇది. బరో చేయాల్సిందల్లా చదవడం, వదిలేయడం. రెండు, రెండున్నర సెకన్లలో బంతి చేతిలోంచి పోతే ఆరోవాడు వచ్చినా ఒకటే, రాకపోయినా ఒకటే.

ఇక్కడ నాకు ముచ్చటేసేది బంతి వదిలే క్షణం. క్రికెట్ చూసేవాళ్లకు ఇది చప్పున తెలుస్తుంది. మంచి ఫీల్డర్ కీపర్ వికెట్ల దగ్గరికి చేరాక విసరడు; కీపర్ ఇంకా పరుగెత్తుకొస్తుండగానే వికెట్ల మీదికి విసురుతాడు. బంతీ మనిషీ ఒకేసారి అక్కడికి చేరతారు. బరో విసురు అంతా అలాంటిదే. పాస్ పట్టుకోవాల్సిన రిసీవర్ వీపు ఇంకా ఇటే ఉంటుంది, తిరగనే లేదు, బంతి అప్పటికే గాలిలో ఉంటుంది. అతను తిరిగేసరికి గుండె ముందర ఉంటుంది. కాపలావాడు మనిషిని చూస్తున్నాడు గనక బంతి ఎప్పుడొచ్చిందో అతనికి తెలియదు. ఇది కండబలంతో వచ్చే విద్య కాదు. నిజానికి బరో చెయ్యి అంత బలమైనదేమీ కాదని అప్పటి పరిశీలకులు చెప్పేవాళ్లు. వేసవంతా అదే రిసీవర్లతో, అదే అడుగుల లెక్కతో వందలసార్లు విసిరితే వచ్చేది.

ఇంకో చిన్న ఎత్తు. బరో బంతిని పరుగువాడి పొట్ట దగ్గర పెడతాడు, కానీ వదలడు. కళ్లు మాత్రం ఒకే ఒక్క మనిషి మీద ఉంటాయి: డిఫెన్స్ మధ్యలో నిలబడ్డ లైన్‌బ్యాకర్ మీద. పరుగుని ఆపుదామని అతను ఓ అడుగు ముందుకేశాడా, బంతి వెనక్కి లాగి అతని వెనుక ఖాళీ అయిన చోటికే విసరడం. వేయలేదా, బంతి పరుగువాడికే. ఆ లైన్‌బ్యాకర్ ఏం చేసినా తప్పే. కబడ్డీలో ఆరితేరిన రైడర్ ఓ కాలు చాపి ఎదుటివాడు పట్టుకోవడానికి వంగేదాకా ఆగుతాడు చూడండి, అదే వరస.

ఇంతకీ ఈ బరో ఎవరు? ఒహాయో రాష్ట్రంలో ఆథెన్స్ అనే కౌంటీ కుర్రాడు. తండ్రి కోచ్. ఒహాయో స్టేట్‌లో చేరి మూడేళ్లు బెంచీ మీద కూర్చున్నాడు. చోటు దొరకదని తేలాక, డిగ్రీ చేతపట్టుకుని 2018లో లూసియానా వచ్చాడు. మొదటి ఏడాది 16 టచ్‌డౌన్ పాసులు, విసిరిన వాటిలో సుమారు 58 శాతం చేరాయి. ఫర్వాలేదు అనిపించే లెక్క. 2019లో 60 టచ్‌డౌన్ పాసులు, 5,671 గజాలు, 527 విసిరితే 402 చేరాయి, అంటే 76 శాతం పైచిలుకు. ఎదుటివాళ్ల చేతిలో పడ్డవి ఆరే. ఒకే సీజన్‌లో 60 అన్నది అప్పటిదాకా ఎవరూ చేయనిది. పాత రికార్డు 2006లో హవాయి కుర్రాడు కోల్ట్ బ్రెనన్‌ది, 58. మనిషి మారలేదు, చెయ్యి మారలేదు, చుట్టూ ఉన్న పటం మారింది. పనిముట్టు సరైన పనికి దొరికితే ఎంత తేడా వస్తుందో ఈ రెండు వరసల అంకెలు పక్కపక్కన పెట్టి చూస్తే చాలు.

ఒక్క బరోనే పొగిడితే మిగతావాళ్లకు అన్యాయం. జెఫర్సన్‌ను 2019లో అంచు నుంచి లోపలి స్థానంలోకి మార్చారు. అక్కడ 111 క్యాచ్‌లు, 1,540 గజాలు, 18 టచ్‌డౌన్లు. అంచున జమార్ చేజ్, రెండో ఏడాది కుర్రాడు: 1,780 గజాలు, 20 టచ్‌డౌన్లు, దేశంలోనే మేటి రిసీవర్‌కిచ్చే బిలెట్నికాఫ్ అవార్డు. మూడోవాడు టెరెస్ మార్షల్, 13 టచ్‌డౌన్లు. ఇద్దర్ని మూసేస్తే మూడోవాడు తెరుచుకుంటాడు. ముగ్గుర్నీ మూసేస్తే పరుగువాడు క్లైడ్ ఎడ్వర్డ్స్-హెలేర్.

ఈ క్లైడ్ బాటన్ రూజ్ కుర్రాడే. ఎత్తు అయిదడుగుల ఎనిమిది అంగుళాలు. ఆ మైదానంలో అతను నడిచొస్తుంటే పెద్దన్నల పెళ్లిలో చిన్నతమ్ముడిలా ఉంటాడు. కానీ ఆ పొట్టితనమే ఆయుధం: లైన్‌మెన్ వెనుక కనబడడు, కనబడేసరికి దాటిపోయుంటాడు. నేల మీద 1,414 గజాలు, 16 టచ్‌డౌన్లు. ఆపైన 55 క్యాచ్‌లు. పరుగువాడు రిసీవర్ పని కూడా ఇంత బాగా చేయకపోతే పైన చెప్పిన ఖాళీ మోహరింపు కాగితం మీదే ఉండిపోయేది.

లైన్ గురించి ఎవరూ రాయరు. వాళ్లను టీవీ కూడా చూపించదు. లాయిడ్ కుషెన్‌బెర్రీ, డేమియన్ లూయిస్, ఏడ్రియన్ మెగీ, ఆస్టిన్ డెక్యులస్, సాదిక్ చార్ల్స్. ఒక్కొక్కరు నూట ముప్ఫై కిలోలకు పైనే. వీళ్ల పని ఆ రెండున్నర సెకన్లు కొని పెట్టడం. దేశంలో మేటి లైన్‌కు ఇచ్చే జో మూర్ అవార్డు ఆ ఏడాది వీళ్లకే ఇచ్చారు. ఆ అవార్డు ఒక్కరికి ఇవ్వరు, లైన్ మొత్తానికి ఇస్తారు. అది నాకు నచ్చిన పద్ధతి.

సీజన్ మొదట్లో స్కోర్లు చూస్తే ఎదుటివాళ్ల మీద జాలేస్తుంది. 55-3, 65-14, 66-38, 42-6. అక్టోబరు 12న ఫ్లోరిడా కాస్త నిలబడింది, 42-28. ఇవన్నీ త్వరగా దాటేయొచ్చు. ఆగి చూడాల్సింది అక్టోబరు 26, ఆబర్న్ మ్యాచ్. ఎందుకంటే ఆ ఏడాది ఎల్ఎస్‌యూ యంత్రాన్ని విప్పి చూసే ప్రయత్నం బుర్రపెట్టి చేసింది ఆబర్నే.

ఆబర్న్ డిఫెన్స్ ఆలోచన సూటిగా ఉంది: బరో మీదికి మనుషుల్ని పంపితే వాళ్లు వదిలిన చోటికే విసురుతున్నాడు. అయితే పంపొద్దు. ముగ్గుర్ని మాత్రమే ముందు పెట్టి మిగతావాళ్లను వెనక్కి దించుదాం, అయిదుగురు రిసీవర్లకు ఎనిమిదిమంది కాపలా, ఎక్కడ విసురుతాడో చూద్దాం. పని చేసింది. ఎల్ఎస్‌యూ 500 గజాలు దాటినా చేతికొచ్చింది 23 పాయింట్లే. ఆ ఏడాది మొత్తంలో అదే తక్కువ. బరోకు ఒక్కటంటే ఒక్కటే టచ్‌డౌన్ పాస్. అక్కడ అహంకారం ఉన్న జట్టయితే మా పద్ధతి ఇదేనని ఎనిమిదిమంది మధ్యలోకి విసురుతూ కూర్చునేది. వీళ్లు విసరలేదు. ముందు ముగ్గురే ఉన్నారు గదా అని బంతి పొట్టివాడికిచ్చారు. క్లైడ్ 136 గజాలు పరుగెత్తాడు. 23-20తో గట్టెక్కారు. 66 పాయింట్ల మ్యాచ్ కన్నా ఈ 23 పాయింట్ల మ్యాచ్‌లోనే పనివాళ్ల తెలివి ఎక్కువ కనిపిస్తుంది నాకు.

రెండు వారాలకు అలబామా. వాళ్ల ఊళ్లో, టస్కలూసాలో, నవంబరు 9న. అప్పటికి రెండు జట్లూ ఓటమి ఎరగవు. ఎనిమిదేళ్ల బాకీ నెత్తిన ఉంది. అలబామా క్వార్టర్‌బ్యాక్ టువా టాగోవైలోవా చీలమండకు శస్త్రచికిత్స జరిగి మూడు వారాలు కాలేదు. అయినా దిగాడు, 418 గజాలు విసిరాడు. సగం ఆటకు ఎల్ఎస్‌యూ 33-13. అందులో ఆఖరి ఏడు పాయింట్ల సంగతి చెప్పాలి. విరామానికి కొద్ది సెకన్లే ఉండగా టువా పాస్‌ను లైన్‌బ్యాకర్ పాట్రిక్ క్వీన్ పట్టేశాడు. 20 పాయింట్లు కాకపోయినా 13 ముందున్నాం, చాల్లే అని లోపలికి పోవచ్చు. పోలేదు. వెంటనే బరో క్లైడ్‌కు విసిరాడు, టచ్‌డౌన్, ఇంకా ఆరు సెకన్లు మిగిలాయి. తర్వాత అలబామా తరుముకుంటూ వచ్చి 46-41 దగ్గర ఆగింది. తేడా అయిదు. ఆ ఏడు లేకపోతే ఏమయ్యేదో లెక్క వేసుకోండి. ఆఖరి క్వార్టర్‌లో అలబామా దగ్గరికొచ్చిన రెండుసార్లూ ఎల్ఎస్‌యూ బంతి తీసుకుని మళ్లీ టచ్‌డౌన్ చేసింది. రెండుసార్లూ గీత దాటింది క్లైడే.

ఒక అంకె నాకు సరదాగా ఉంటుంది. టెక్సాస్ మీద బరో 39 విసిరితే 31 చేరాయి. అలబామా మీద కూడా సరిగ్గా 39 విసిరితే 31. కొలిచి పోసినట్టు.

అన్నీ గొప్పే అంటే అబద్ధమవుతుంది. డిఫెన్స్ చాలాకాలం ఓటి కుండే. వాండర్‌బిల్ట్ లాంటి బలహీన జట్టుకు 38 పాయింట్లిచ్చారు. అలబామా గెలుపు మత్తు దిగకముందే మిసిసిపీకి 37 ఇచ్చి, 400 గజాలకు పైగా పరుగెత్తనిచ్చారు. దాడి అన్ని పాయింట్లు తెస్తుంటే ఎవరూ అడగలేదంతే. డిఫెన్స్ చూసే డేవ్ అరాండా నెమ్మదస్తుడు. నవంబరు చివర్లో ఎలాగో దారికి తెచ్చుకున్నాడు. టెక్సాస్ ఎ అండ్ ఎంకు 7, జార్జియాకు 10. గ్రాంట్ డెల్పిట్‌కు వెనుక కాపలాదారుల్లో మేటికిచ్చే థోర్ప్ అవార్డు, తొలి ఏడాది కుర్రాడు డెరెక్ స్టింగ్లీ ఆట చూసినవాళ్లు నోరెళ్లబెట్టారు.

డిసెంబరు 7న అట్లాంటాలో జార్జియాతో సౌత్ఈస్టర్న్ కాన్ఫరెన్స్ ఫైనల్. దేశంలో అతి తక్కువ పాయింట్లిచ్చే డిఫెన్స్‌ల్లో జార్జియాది ఒకటి. ఫలితం 37-10. ఆ మ్యాచ్‌లో రెండు ముక్కలు చూడమంటాను. ఒకటి, బరో విసిరిన బంతి ఎదుటివాడి చేతికి తగిలి పైకి లేస్తే, తనే పట్టుకుని 16 గజాలు పరుగెత్తాడు. అది అదృష్టం, నవ్వుకుని వదిలేయొచ్చు. రెండోది అదృష్టం కాదు. మూడో క్వార్టర్‌లో పటం మొత్తం చెడిపోయింది. జార్జియా వాళ్లు లోపలికొచ్చేశారు. బరో ఒకణ్ణి తప్పించుకుని, గిర్రున తిరిగి, ఇంకోణ్ణి తప్పించుకుని, కుడివైపు పరుగెడుతూ తల మాత్రం మైదానం లోతులోకే పెట్టాడు. అదే సమయానికి జెఫర్సన్ కూడా తన గీత వదిలేసి బరో పరుగెత్తే వైపుకే మళ్లాడు. 71 గజాలు. పటం చిరిగినప్పుడు ఏం చేయాలో కూడా వీళ్లిద్దరికీ ముందే తెలుసు. అలాంటి ఒప్పందం కాగితం మీద ఉండదు.

వారం తర్వాత న్యూయార్క్‌లో బరోకు కాలేజీ ఆటలో మేటి ఆటగాడికిచ్చే హైస్‌మన్ ట్రోఫీ ఇచ్చారు, ఆ అవార్డు చరిత్రలోనే అతి పెద్ద ఆధిక్యంతో. ఎల్ఎస్‌యూకి అంతకుముందు వచ్చింది 1959లో, బిల్లీ కానన్‌కు. వేదిక మీద బరో ఏడుస్తూ ఆథెన్స్ కౌంటీలో బడి నుంచి ఇంటికెళ్లాక తినడానికి ఏమీ లేని పిల్లల గురించి మాట్లాడాడు. ఆ మాటలు విని జనం అక్కడి ఆహార సహాయ సంస్థకు కొద్దిరోజుల్లోనే లక్షల డాలర్లు పంపారు.

డిసెంబరు 28, జాతీయ ఛాంపియన్‌షిప్ సెమీఫైనల్, ఎదురుగా ఓక్లహోమా. సగం ఆట అయ్యేసరికే బరో ఏడు టచ్‌డౌన్ పాసులు విసిరాడు, నాలుగు జెఫర్సన్‌కే. 63-28. కానీ ఆ మ్యాచ్‌ను అంకెలతో చూడలేను. ఆ ఉదయం ఎన్స్‌మింగర్ కోడలు ఈ మ్యాచ్ చూడటానికి బయలుదేరిన చిన్న విమానం లఫాయెట్‌లో కూలి, ఆమె చనిపోయింది. ఆట మొదలయ్యే ముందు ఆయనకు చెప్పారు. ఆయన మేడ మీది గదిలోకి వెళ్లి, తన కుర్చీలో కూర్చుని, ఎత్తులు పలికాడు. ఆ రోజు పటాల్లో ఒక్క తడబాటు లేదు. ఇది సరైన పనో కాదో నాకు తెలీదు. ఆయనకు ఆ గది తప్ప వెళ్లడానికి ఇంకో చోటు కనబడలేదేమో.

2020 జనవరి 13, ఫైనల్. న్యూ ఆర్లీన్స్ సూపర్‌డోమ్. ఎనిమిదేళ్ల కిందట 92 గజాలతో తలొంచుకుని బయటికొచ్చిన ఇల్లే. ఎదురుగా క్లెమ్సన్, వరసగా 29 మ్యాచ్‌లు గెలిచి వచ్చినవాళ్లు. మొదట్లో క్లెమ్సన్ బంతిని పదేపదే ఎల్ఎస్‌యూ గీత దగ్గరికి తన్ని, మూలకు నెట్టింది. బరో విసుర్లు తప్పాయి. రెండో క్వార్టర్‌లో 17-7తో క్లెమ్సన్ ముందుంది. ఆ సీజన్‌లో పది పాయింట్లు వెనకబడటం ఎల్ఎస్‌యూకి అదే మొదటిసారి.

అప్పుడు చేసిన సర్దుబాటు చిన్నది. చేజ్‌ను క్లెమ్సన్ ఒక్క మనిషితోనే కాపలా కాయిస్తోంది. వెనక సాయం లేదు. అయితే అక్కడికే విసురుదాం. చేజ్ పరుగులో చూడాల్సింది వేగం కాదు, ఆఖరి రెండడుగులు. బంతి గాలిలో ఉండగా చేతులు ఎత్తడు. ఎత్తితే కాపలావాడికి కబురు పోతుంది. బంతి భుజం మీదికి దిగే క్షణంలో, ఆఖరి అరసెకనులో చేతులు పైకొస్తాయి. వీధి చివర పిల్లాడు కొట్టుకొచ్చిన జామకాయ జేబులో వేసుకున్నంత సహజంగా ఉంటుంది. ఆ రాత్రి తొమ్మిది క్యాచ్‌లు, 221 గజాలు, రెండు టచ్‌డౌన్లు. విరామంలోపే 21 పాయింట్లు వరసగా చేసి 28-17 చేశారు. ఆ మూడో టచ్‌డౌన్ విసిరేటప్పుడు బరోకు పక్కటెముకల దగ్గర గట్టి దెబ్బ తగిలింది. రెండో సగంలో ఆ సంగతి ఆటలో తెలియనివ్వలేదు. 42-25. అయిదు టచ్‌డౌన్ పాసులు, 463 గజాలు, చేరిన పాసులు మళ్లీ 31.

సీజన్ మొత్తానికి 726 పాయింట్లు. పెద్ద కాలేజీ ఫుట్‌బాల్‌లో అప్పటిదాకా ఎవరూ చేయనన్ని. మొదటి పది ర్యాంకుల్లో ఉన్న ఏడు జట్లను ఓడించారు. నన్నడిగితే ఆ ఏడాది ఎల్ఎస్‌యూ దాడి నేను చూసిన కాలేజీ జట్లన్నిటిలో మేలైనది. బలమైన జట్లు ఇంకా ఉన్నాయి, ఇంత నిక్కచ్చిగా కొలిచి కుట్టిన జట్టు లేదు. ఈ ఆట ఎప్పుడూ చూడనివాళ్లు ఒక్క మ్యాచే చూడాలనుకుంటే ఫైనల్ చూడొద్దు, అలబామా మ్యాచ్ చూడండి. బంతిని చూడకండి. బంతి బరో చేతిలోంచి వెళ్లిన క్షణంలో రిసీవర్ ముఖం ఎటుందో చూడండి.

ఫైనల్ అయిన వెంటనే బ్రేడీ ప్రొఫెషనల్ జట్టుకు వెళ్లిపోయాడు. అరాండా బేలర్ హెడ్ కోచ్ అయ్యాడు. ప్రొఫెషనల్ జట్లు కాలేజీ ఆటగాళ్లను ఎంచుకునే ఎన్‌ఎఫ్‌ఎల్ డ్రాఫ్ట్ ఏప్రిల్‌లో జరిగితే, అందులో ఎల్ఎస్‌యూ నుంచి 14 మందిని తీసుకున్నారు. బరో మొట్టమొదటివాడు, మొదటి రౌండులోనే అయిదుగురు. చేజ్ తర్వాతి సీజన్ ఆడనన్నాడు. 2020 సెప్టెంబరు 26న, అదే టైగర్ స్టేడియంలో, కొత్త సీజన్ మొదటి మ్యాచ్‌లో మిసిసిపీ స్టేట్ క్వార్టర్‌బ్యాక్ 623 గజాలు విసిరాడు. ఎల్ఎస్‌యూ 44-34తో ఓడిపోయింది.